తొట్టి వెనక యొర్దాను

మా సంఘానికి ఫిల్మ్‌నగర్ బండల మీద సొంత మందిరం లేస్తున్న రోజుల్లో అందరూ పైకప్పు గురించి, మైకుల గురించి మాట్లాడుకునేవారు. నా కన్ను మాత్రం ఒక్క గోడ మీద ఉండేది. ప్రసంగ వేదిక వెనక బాప్తిస్మపు తొట్టి కట్టారు. ఆ తొట్టి వెనక గోడ అది. బాప్తిస్మం పొందేవాళ్లు తెల్లబట్టలతో నీళ్లలోకి దిగినప్పుడు సంఘమంతా అటే చూస్తుంది. చాలా ఊళ్లలో మా వాళ్లు ఆ గోడ మీద, యేసుప్రభువు బాప్తిస్మం పొందిన యొర్దాను నది బొమ్మ వేయించుకుంటారు. మనమూ వేయిద్దామని కమిటీలో మాట వచ్చినప్పుడు సంఘపెద్ద ఒకాయన, రైల్వేలో చేసి రిటైరైన మనిషి, "బయటోళ్లెందుకు, మన టీచరమ్మ ఉన్నది గదా," అన్నారు.

ఆ టీచరమ్మను నేనే. శ్రీనగర్ కాలనీలో ఒక చిన్న ప్రైవేటు బళ్లో డ్రాయింగ్ చెప్పేదాన్ని. వెంగళరావు నగర్‌లో మా ఇల్లు. సంఘం అద్దె హాల్లో కూడుకునే కాలం నుంచీ ఆదివారపు బడి నాదే. మిగతా ఆడవాళ్లు బట్టల కోసం, వంటల కోసం పడే ఆరాటం నేను ఆ బడి కోసం పడ్డాను. మా అమ్మాయి ఆ ఏడో ఆ మరుసటి ఏడో బాప్తిస్మానికి సిద్ధపడుతుంది. అది నా యొర్దాను ముందు నీళ్లలోకి దిగాలి, తల ఎత్తినప్పుడు నా కొండలు, నా నది దాని వెనక కనపడాలి. దేవుణ్ని నేను ఆ రోజుల్లో అడిగింది ఇదొక్కటే. ఇది లోకపు ఆశ అని నాకు ఎప్పుడూ అనిపించలేదు. ఆయన మందిరంలో, ఆయన పని కోసం అడిగాను.

నా యొర్దాను ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. ఆదివారపు బడిలో నాకో ఫ్లానల్ బోర్డు ఉండేది. నూగు గుడ్డ పరిచిన పలక. వెనక గరుకు కాగితం అంటించిన మనుషుల బొమ్మలు పెడితే దానికి అతుక్కుంటాయి. ఆ గుడ్డ మీద నేనే రంగు వేశాను. పైన నీలం పట్టీ, కింద పచ్చ పట్టీ, నడుమ రెండు కొండలు, కొండల సందులోంచి నది. లేఖనాల్లో జరిగిన సంగతులన్నీ మా పిల్లలకు ఆ రెండు కొండల ముందే జరిగాయి. బళ్లోనూ అదే నేర్పేదాన్ని. కొండల మధ్య సూర్యుడు, ఒడ్డున గుడిసె, గుడిసె పక్కన కొబ్బరిచెట్టు, పైన నాలుగు పిట్టలు. ఆ బొమ్మతో మా బడి పిల్లలు పోటీల్లో బహుమతులు తెచ్చుకున్నారు.

అప్పుడు ఆమె వచ్చింది. సినిమావాళ్లు మద్రాసు వదిలి ఒక్కొక్కరే ఈ గుట్టల మీదికి చేరుతున్న కాలం. ఆమె భర్త సినిమాలకు సెట్లు వేయించే ఆర్ట్ డైరెక్టరు. జూబ్లీహిల్స్‌లో ఇల్లు తీసుకున్నారు. ఆమె పుట్టింది కోస్తాలో, చిత్రకళ చదివింది మద్రాసులో, కాలేజీలో. నాకున్నది డ్రాయింగ్ లోయరూ హయ్యరూ పాసైన కాగితం. మా సంఘానికి వచ్చిన రెండో ఆదివారమే ఆరాధన అయ్యాక పాస్టరుగారి దగ్గర నిలబడి, "శనివారం సాయంత్రాలు పిల్లల్ని నాకు కాసేపు ఇస్తారా అండీ? ప్రకృతి బొమ్మలు నేర్పుతాను," అన్నది. పాస్టరుగారు, "అంతకంటే ఏం కావాలమ్మా," అన్నారు. ఆ పిల్లలు ఎవరి పిల్లలో ఆయనకు గుర్తు రాలేదు. నేను నాలుగడుగుల దూరంలో కుర్చీలు మడుస్తున్నాను.

మొదటి శనివారం మా అమ్మాయి ఇంటికి వచ్చి చెప్పులు విప్పకుండానే అడిగింది.

"అమ్మా, ఆకాశం ఏడ మొదలైతది?"

"పైన."

"కాదంట. నేల కాడికెల్లే మొదలైతదంట. గా కిటికీలకెల్లి చూడు."

చూశాను. పక్కింటివాళ్ల ప్రహరీ మీద దాకా, ఆరేసిన బట్టల సందుల్లో దాకా ఆకాశం దిగి ఉంది. ఇన్నేళ్లూ దాన్ని కాగితం పైఅంచున పట్టీలా గీయించింది నేనే. "అన్నం తినుపో," అన్నాను.

ఆమె బొమ్మలు నేర్పే పద్ధతి వేరు. ముందు రంగులు ముట్టుకోనివ్వదు. ఒక మహా చిత్రకారుడి జీవితం చెబుతుంది. వారానికి కొంచెం. పరదేశంలో, ఏటి ఒడ్డున పిండిమర నడిపేవాడి కొడుకు అతను. తండ్రి మర చూసుకోమంటాడు. పిల్లవాడు మరచక్రం మీద పడే నీళ్లను చూస్తూ కూర్చుంటాడు. పెద్దయ్యాక కూడా దూరదేశాలు తిరగలేదు, పుట్టిన చోట ఉన్న చెట్లనూ వాగునూ బండ్లనూ మళ్లీ మళ్లీ వేశాడు. మబ్బుల కోసం గుట్ట ఎక్కి బొమ్మ వేసి, వెనక్కి తిప్పి, ఆ వేళ ఏ జామో, గాలి ఎటునుంచి వీస్తోందో రాసుకునేవాడు. ఆమె ఆ కథను సరిగ్గా రుచి పట్టిన చోట ఆపేసేది, సినిమాకు ఇంటర్వెల్ పడ్డట్టు. తరువాత పిల్లల్ని మందిరం వెనక బండల మీదికి తీసుకెళ్లి, ఎదురుగా ఉన్నదే వేయించేది. బొమ్మ వెనక వేళ, గాలి రాయించేది.

వారమంతా మా ఇంట్లో ఆ చిత్రకారుడే. అతను ప్రేమించిన అమ్మాయి తాతగారు పాదిరీ అట, ఈ బొమ్మలవాడికి పిల్లనివ్వనన్నాడట. "మన పాస్టరుగారైతే ఇస్తుండెనా, అమ్మా?" అని మా అమ్మాయి దిగులుగా అడిగేది. ఆదివారం నేను ఫ్లానల్ బోర్డు నిలబెట్టి, గొర్రెలను ఒక్కొక్కటే అతికిస్తుంటే వెనక వరుసలోంచి ఒక పిల్ల లేచింది.

"టీచర్, గీ కొండల కాడ గాలి ఎటుకెల్లి కొడ్తున్నది?"

పిల్లలందరూ నవ్వారు. అది వెటకారం కాదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. నేను ఇంకో గొర్రెను అతికించాను.

తన కొలువులో చేరిన గొర్రెల కాపరిని తనకంటే ఎక్కువ చేసి ఆడవాళ్లు పాడిన పాట ఒకటి చెవిన పడి, ఆ రోజు నుంచి ఈటె చేతిలోంచి దించని రాజు ఒకడు లేఖనాల్లో ఉన్నాడు అని నేనే పిల్లలకు చెప్పేదాన్ని. ఆ రాజు భయం రాజ్యం కోసం. నాది రాజ్యం కాదు, ఒక నూగుగుడ్డ పలక. అయినా ఆ పాట ఎలా వినపడి ఉంటుందో నాకు తెలిసింది.

శుక్రవారం ఉపవాస ప్రార్థనలో మేము గుండ్రంగా కూర్చుంటాం. ప్రతివాళ్లూ కుడిపక్కవాళ్ల కోసం గొంతెత్తి ప్రార్థించాలి. అది మా సంఘపు అలవాటు. ఒక వారం ఆమె నాకు కుడిపక్కన పడింది. ఆమెను దీవించమన్నాను, ఆమె ఇంటిని దీవించమన్నాను, భర్త పనిని దీవించమన్నాను. మాటలన్నీ సరిగ్గానే వచ్చాయి. ఆమె చేతుల్ని దీవించమని మాత్రం నా నోరు తిరగలేదు. ఇంకో వారం నేను ఆమెకు కుడిపక్కన పడ్డాను. ఆమె ఆలోచించకుండా, తడుముకోకుండా, "ప్రభువా, ఈ అక్క చేతుల్ని దీవించు. ఈ పిల్లలకు మొదట పెన్సిలు పట్టించిన చేతులు," అన్నది. అందరూ ఆమేన్ అన్నారు. మంచిగా ప్రార్థించడంలో కూడా ఆమే గెలిచింది.

ఒక శనివారం మా అమ్మాయిని తీసుకురావడానికి వెళ్లి మందిరం మెట్ల మీద నిలబడ్డాను. లోపల ఆమె కథ చెబుతోంది.

"మన చిత్రకారుడు ఏళ్ల తరబడి కష్టపడి ఒక వంతెన బొమ్మ వేశాడర్రా. రంగులే రంగులు, జెండాలు, పడవలు. ప్రదర్శనలో దాని పక్కనే ఇంకో పెద్ద చిత్రకారుడి సముద్రం తగిలించారు. అదంతా బూడిద రంగు. ఆ రెండో ఆయన వచ్చాడు. ఇటు చూశాడు, అటు చూశాడు. కుంచె తీసి తన సముద్రం మీద బొత్తాం అంత ఎర్రచుక్క ఒకటి పెట్టి, నోరు విప్పకుండా వెళ్లిపోయాడు. ఇక వచ్చిన జనం…"

"చుక్కనే చూసిండ్రు," అన్నారు పిల్లలు.

"చుక్కనే చూశారు. తరువాత దాన్ని నీళ్ల మీద తేలుతూ పడవలకు దారి చూపే గుర్తులా దిద్దాడులెండి."

"మరి మనాయన ఏం జేసిండు, ఆంటీ?"

"ఏం చేస్తాడూ? కుళ్లుకున్నాడు." ఆమె నవ్వింది. "ఎంత గొప్పవాడైనా మనిషే కదర్రా."

అంత తేలిగ్గా అనేసింది. ఆ మాటను జీవితంలో ఎప్పుడూ మోయనివాళ్లే అలా అనగలరు.

వేసవి వస్తుండగా పాస్టరుగారు నన్ను పిలిపించారు. గోడ సంగతి అని తెలిసి మంచి చీర కట్టుకుని వెళ్లాను.

"టీచర్‌గారూ, మీరు కాస్త పెద్దమనసు చేసుకోవాలండీ. ఆ గోడ పిల్లల చేత వేయిద్దామని కమిటీవాళ్లు అనుకుంటున్నారు. ఆమె దగ్గరుండి చూసుకుంటారు. రంగులు కూడా వాళ్లాయన షూటింగు నుంచి ఉచితంగా పంపుతానన్నారు. పిల్లలే వేస్తే సాక్ష్యంగా ఉంటుంది కదండీ."

"ప్రభువు చిత్తం," అన్నాను. మా వాళ్లలో ఆ రెండు మాటలు అన్నాక ఎవరూ ఇంకేమీ అడగరు. లోపల ఏముందో చూడరు. నేనూ ఎంతోమంది విషయంలో చూడలేదు.

పిల్లలు ఆ గోడకు రంగులు వేసినన్ని రోజులూ నేను మందిరంలో అడుగుపెట్టకుండా ఉండలేకపోయాను. పూలకుండీలకు నీళ్లు పోసే పని పెట్టుకుని వెళ్లేదాన్ని. వాళ్లు తెలియని యొర్దానును వేయలేదు. మందిరం వెనక తలుపు తెరుచుకుని, కనపడేదాన్నే వేశారు. ఒకదాని మీద ఒకటి కూర్చున్న మన నల్లబండలు, సందుల్లో సీతాఫలం పొదలు, వానకు ముందటి ఆకాశం బండల వెనక నేల దాకా దిగి. బండల నడుమ నుంచి నది. "నీళ్లు నీళ్లలోకి దిగాలర్రా," అని ఆమె నదిని తొట్టి లోపలి గోడ మీద అడుగు దాకా వేయించింది.

చూడటానికి వచ్చిన రైల్వే పెద్దాయన కళ్లద్దాలు సవరించుకున్నారు. "అమ్మా, ఇది యొర్దానా, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టా?" అన్నారు.

"రెండూ అనుకోండి, తాతగారూ," అన్నది ఆమె.

"మరి చెక్‌పోస్టు కాడ గిన్ని నీళ్లేడివి? మాకు నల్లా రెండ్రోజులకోసారి వస్తది."

బాగాలేదని అనుకోవడానికి ఎంత ప్రయత్నించానో. ఎక్కడో ఒక వంక దొరుకుతుందని మూలమూలనా వెతికాను. ఆకాశం దగ్గరికి వచ్చేసరికి నా కన్ను ఆగిపోయేది. అందులో ఒక మబ్బు మా అమ్మాయి వేసింది. అది ఏ మబ్బో ఎవరూ చెప్పకుండానే నేను గుర్తుపట్టాను, కానీ అది నేను నేర్పిన చేతిలోంచి వచ్చింది కాదు.

బాప్తిస్మాల ఆదివారం వచ్చింది. తొట్టి నిండా నీళ్లు. ఆ పొద్దున్నే ట్యాంకరు తెప్పించి నింపారు. పాస్టరుగారు తెల్లబట్టల్లో నడుము లోతున నిలబడ్డారు. వరుసలో మా అమ్మాయి మూడోది. నేను ఆడవాళ్ల వైపు మొదటి వరుసలో తువ్వాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. సంఘం పాట అందుకుంది.

మొదటి పిల్ల మునిగి లేచింది. పాస్టరుగారి చొక్కా అంచు కొంచెం నీలంగా ఉన్నట్టు అనిపించింది. బొమ్మలోని రంగు నీడ పడిందేమో అనుకున్నాను. రెండో పిల్ల లేచేసరికి నీళ్లు చెరువు నీళ్లలా ఉన్నాయి. మా అమ్మాయి దిగింది. పాస్టరుగారు వాక్యం చెప్పి ముంచారు. లేచిన పిల్ల నుదురు నీలంగా ఉంది, తెల్ల ఓణీ నీలంగా ఉంది. వెనక గోడ మీద నది, నీళ్లు తగిలిన మేరకు, చారలు చారలుగా జారుతోంది.

అప్పుడు అందరికీ అర్థమైంది. అవి సెట్ల రంగులు. పొడిరంగుకు జిగురు కలిపి కొడతారు. సెట్టు షూటింగు అయ్యేదాకా నిలబడితే చాలు, ఆ తరువాత విప్పేస్తారు. రాజమహలైనా, గుడైనా, ఆకాశమైనా వాళ్లకు అంతే. ఆ గోడను ఏటేటా నీళ్లలో నిలబెడతామన్న ఆలోచన ఆ ఇంట్లో ఎవరికీ రాలేదు. ఉచితం అనేసరికి మా కమిటీకీ రాలేదు.

పాట ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో రైల్వే పెద్దాయన గొంతు, మెల్లగా అంటున్నాననుకుని గట్టిగా అన్నది, వినపడింది.

"యొర్దాను దిగొచ్చింది."

పిల్లలు ఆపుకోలేకపోయారు. పెద్దవాళ్లూ ఆపుకోలేకపోయారు. తొట్టిలో పాస్టరుగారు నడుము దాకా నీలంగా నిలబడి నవ్వారు. ఆమె కుర్చీలోంచి లేచి, చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. ముఖం ఎర్రబడింది. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం మామూలుది కాదు. దేవుడు నా పక్షాన ఉన్నాడని ఆదివారం పూట, మందిరంలో, అందరి ఎదుటా రుజువైనట్టు అనిపించింది.

తువ్వాలు విప్పి నిలబడ్డాను. మా అమ్మాయి తొట్టి మెట్లు ఎక్కింది. నీళ్లు కారుతుండగానే నన్ను దాటి పోయి ఆమె ముందు నిలబడింది. "ఆంటీ, చూడుండ్రి, మన నది నాకే అంటింది," అని ఓణీ పరిచి చూపించింది. ఆమె ఏడ్చేసి, ఏడుస్తూనే నవ్వి, తన పట్టుచీరతోనే దాని నుదురు తుడిచింది. తువ్వాలు నా చేతుల్లోనే ఉంది.

తరువాతి కమిటీలో గోడ నాకు ఇచ్చారు. పైభాగం చెక్కుచెదరలేదు కనుక దాన్ని ముట్టుకోకూడదని, నీళ్ల మేర మాత్రం, తడికి కరగని ఎనామిల్ రంగుతో వేయమని. అంటే ఆకాశం వాళ్లది, నీళ్లు నావి. మొదట సంతోషంగానే ఒప్పుకున్నాను. డబ్బా మూత తీసి, నాకు అలవాటైన నీలం ఒక జానెడు మేర పూసి, వెనక్కి జరిగి చూస్తే, అది ఆ ఆకాశం కింద అతికించిన కాగితంలా ఉంది. తుడిచేశాను. మరునాడు దుర్గం చెరువు దాకా వెళ్లి బండ మీద కూర్చుని చూశాను. మబ్బు వస్తే నీళ్లు మబ్బు రంగు. ఎండ వస్తే ఎండ రంగు. నీళ్లకు తమదంటూ రంగు లేదు. ఆ గోడ మీద నాకు మిగిలిన పని ఆమె ఆకాశాన్ని కింద మోయడమే.

మోశాను. పైనున్న ప్రతి మబ్బునూ చూసి చూసి కిందికి దింపాను. నా జీవితంలో అంత బాగా ఏ బొమ్మా వేయలేదు. అయ్యాక కమిటీవాళ్లు వచ్చి చూసి, "ఆకాశం ఇప్పుడు ఎంత బాగా కనపడుతోందండీ," అన్నారు.

వాళ్లు వెళ్లాక ఎర్రరంగు డబ్బా తెరిచాను. తొట్టి నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో గోడ మీద చార ఉంది. సరిగ్గా ఆ చార మీద, బొటనవేలంత చుక్క పెట్టాను. తరువాత దాన్ని చిన్న పడవగా దిద్దాను. యొర్దాను బొమ్మల్లో ఎవరూ పడవ వేయరని నాకు తెలుసు.

మళ్లీ బాప్తిస్మాల రోజు తొట్టి నింపారు. నీళ్లు ఆ చార దాకా లేచాయి. పడవ నిజం నీళ్ల మీద తేలుతున్నట్టు నిలిచింది. నీళ్లు కదిలితే అది కదిలినట్టే ఉంది. మందిరమంతా ఒకసారి ఊపిరి పీల్చుకున్న చప్పుడు విన్నాను. ఎవరూ బండలను చూడలేదు. ఎవరూ ఆకాశాన్ని చూడలేదు.

"యొర్దానులో పడవ ఎక్కడిదండీ?" అన్నారు పాస్టరుగారు తరువాత.

"ఉండనీయుండ్రి, అయ్యగారూ," అన్నారు రైల్వే పెద్దాయన. "దాటేటోళ్లకు అక్కరకొస్తది."

నేను మాత్రం ఆమె ముఖాన్నే చూస్తున్నాను. పిల్లల మధ్య నిలబడి ఆ ఎర్రచుక్కను చాలాసేపు చూసింది. మెల్లగా నా వైపు తిరిగింది. ఆ మందిరంలో పెద్దవాళ్లలో ఆ పడవ ఏమిటో తెలిసింది ఆమె ఒక్కదానికే. నేను ఎదురుచూసింది ఆ చూపు కోసమే. అందులో చిన్న గాయం కనపడాలి, అంతే. ఆమె గట్టిగా నవ్వేసింది.

"దెబ్బ కొట్టారు, అక్కా," అన్నది. పిల్లల వైపు తిరిగి, "చూశారా, మన ఆకాశం పని అయిపోయింది," అన్నది. వాళ్లు చప్పట్లు కొట్టారు. ఆ నవ్వులో ఎక్కడా నొప్పి లేదు. ఎంత వెతికినా దొరకలేదు.

ఆ శనివారం ఆమె నా పడవ మీద పాఠం చెప్పిందట. ప్రతి పిల్లా తన బొమ్మలో ఒక్క చోట ఎరుపు పెట్టాలని. సాయంత్రం మా అమ్మాయి బొమ్మ తెచ్చి నా ఒళ్లో పెట్టింది. మా ఇంటి డాబా. ఆకాశం ప్రహరీ దాకా దిగి ఉంది. తీగ మీద ఆరేసిన నా ఎర్రచీర ఒక్కటే, మిగతా అంతా బూడిద రంగు. వెనక్కి తిప్పాను. వేళ రాసి ఉంది. గాలి పడమర నుంచి అని రాసి ఉంది.

"మంచిగున్నదా?" అన్నది.

"మంచిగున్నది," అన్నాను. నిజంగానే బాగుంది.

"ఆంటీ గూడ గట్లనే అన్నది," అన్నది మా అమ్మాయి, చెప్పులు విప్పుకుంటూ.